పెరటికోడి రోగనిదానము: సంస్థానసీమల సాంఘికచరిత్రలో నొక యంశము

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల పేళ్లు విన్నంతనే యాంధ్రసాహిత్యాభిమానులకు కోటలును, కవిపండితసభలును, వార్షికసంభావనలును స్మరణకు వచ్చును. కృష్ణాతుంగభద్రల నడుమనున్న నడిగడ్డ గద్వాల ప్రభువుల పాలనమున నుండెను. సోమభూపాలుని కోటయు, అందలి చెన్నకేశవాలయమును నేఁటికిని నిలిచియున్నవి. చంద్రికాపరిణయమును రచించిన సురభి మాధవరాయలు జటప్రోలు ప్రభువు. ఆ సంస్థానమునకు రాజధానియైన కొల్లాపురము నేఁడు నాగరుకర్నూలు జిల్లాలోనిది. 1949 లో హైదరాబాదు రాష్ట్రమున జాగీర్దారీ పద్ధతి రద్దగుటతో నీ సంస్థానముల కథ ముగిసెను. 1956 వఱకు రాయచూరు జిల్లాలోనుండిన గద్వాల, ఆలంపురము తాలూకాలు పిదప మహబూబునగరు జిల్లాలో చేరెను. 2016 అక్టోబరు 11 న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు అను పేళ్లతో మూఁడు జిల్లాలు వేఱుగా నేర్పడెను. ఇది రాజకీయచరిత్రము. ఆ కోటగోడల వెలుపల, పూరిండ్ల పెరళ్లలో, గంపప్రక్కన ముడుచుకొని తూగు కోడిపెట్ట చరిత్రము దీనికిఁ బ్రక్కనే నడచినది గాని గ్రంథములకెక్కినది తక్కువ.

ఇది యల్పవిషయమని తలఁపరాదు. వాన చాలని సీమలో చేను పండినది మగవాని సొత్తు, అప్పులవానికి హామీ. పెరటిలో తిరుగు నాలుగు కోళ్లును, వాని గుడ్లును మాత్రమే యిల్లాలు స్వయముగా నమ్ముకొనఁగల ధనము. ఉప్పునకును, దీపపునూనెకును, పిల్లవాని పలకకును ఆ గుడ్లే యాధారము. దానిపై నిజాము పాలనకాలమున గ్రామమునకు విచ్చేసిన యధికారులకును, దొరలకును కోళ్లను గుడ్లను ఊరక యిచ్చుట వెట్టిచాకిరిలో నొక భాగమై యుండెను. గద్వాలసీమలోని ఇటిక్యాలపాడునకుఁ జెందిన సురవరము ప్రతాపరెడ్డి 1930 లో జోగిపేట నాంధ్రమహాసభకు ప్రథమాధ్యక్షుఁడయ్యెను. ఆ మహాసభ చేపట్టిన ప్రజాసమస్యలలో వెట్టి ముఖ్యమైనది. ఇట్లు పెట్ట యొక్కటి మేత మానినదన్న నది యొక కుటుంబపు లెక్క తలక్రిందగుటయే. అట్టియెడ దాని రోగమునకు హేతువు నెవ్వరెట్లు కనుగొనిరి, ఏ తెలివితో కనుగొనిరి, ఆ తెలివి యెక్కడ నిలిచిపోయెను అనునదియే యీ వ్యాసమున విచార్యము.

శాస్త్రములందు కుక్కుటము

సంస్కృతశాస్త్రములకు కోడి క్రొత్తది కాదు. హ్రస్వదీర్ఘప్లుతసంజ్ఞలను విధించు పాణినిసూత్రమున నితరాచ్చులను విడిచి ఉకారమునే గైకొనుటకు, కోడికూఁతయందా మూఁడు మాత్రలును క్రమముగా స్ఫుటపడుటయే కారణమని వైయాకరణులు చెప్పుదురు. పతంజలి మహాభాష్యారంభముననే గ్రామ్యకుక్కుట ముదాహరణమైనది. ఊరికోడి తినరానిదని నిషేధించినంతనే యడవికోడి తినఁదగినదని వేఱుగ చెప్పకయే తెలియునని యాతఁడు చూపెను. ఒకదానిని చెప్పుటచే దాని ప్రతియోగి యూహింపఁబడునను నీ న్యాయము ముందు మఱల పనికివచ్చును.

వార్తికకారుఁడు చెప్పిన యొక విశేషము ప్రకృతమునకు మిక్కిలి యుపయోగించును. కుక్కుటీ మొదలగు స్త్రీవాచకములకు అండాదిశబ్దములు పరమగునపుడు పుంవద్భావము విధింపఁబడినది. కావున పెట్ట పెట్టిన గుడ్డు సమాసమునందు కుక్కుటాండమే యగును, కుక్కుట్యండము కాదు. గుడ్డు పెట్టినది పెట్ట, పేరు పుంజుది. వ్యాకరణమున నిది శబ్దసాధుత్వమునకై యేర్పడిన విధియే యైనను, వాఙ్మయచరిత్రమంతటను కోడివిషయమున జరిగినదియు నిదియే. దండి దశకుమారచరితమున నారికేళజాతి, బలాకాజాతి యను రెండుజాతుల పుంజుల పోరు వర్ణితము. తెలుఁగున పలనాటి వీరగాథ కోడిపోరునొద్దనే మలుపు తిరుగును. క్రీడాభిరామమున నోరుగంటి వినోదములలో కోడిపందె మొకటి. మన దేశమున ప్రచారముననున్న కుక్కుటశాస్త్రములు కాకి, డేగ, నెమలి, పర్ల, సేతు మొదలగు వర్ణభేదములను, వారనక్షత్రములనుబట్టి జయాపజయములను సవిస్తరముగా చెప్పును. ఇవియన్నియు పుంజును గూర్చినవే. పందెమాడు పుంజునకు శాస్త్రము పుట్టినది. ఇల్లు నిలిపిన పెట్టకు పుట్టలేదు.

వైద్యగ్రంథములందును నిట్లే. ఏనుఁగునకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదము, గుఱ్ఱమునకు శాలిహోత్రము కలవు. తెలుఁగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. వేఁటడేగకు సైతము శాస్త్రము కలదు. కూర్మాచలమను కుమాయూన్ సీమ నేలిన రుద్రదేవుఁడు శ్యైనికశాస్త్రమున డేగల పెంపకమును, వాని రోగములను, చికిత్సలను నిరూపించెను. ఆ గ్రంథమును హరప్రసాదశాస్త్రి 1910 లో కలకత్తానుండి ప్రకటించెను. రాజునకు పనికివచ్చిన ప్రాణి కెల్ల నిదానచికిత్సలు వ్రాయఁబడెనని దీనిచే స్పష్టమగుచున్నది. కోడిమాంసము యొక్కయు, గుడ్డు యొక్కయు గుణములను మనుష్యుల హితముకొఱకు ఆయుర్వేదము చెప్పినది గాని, కోడికే జబ్బు చేసిన నేమి చేయవలెనను ప్రశ్న కందు చోటు దక్కలేదు.

ఒక్క వరాహమిహిరుఁడు మాత్రము బృహత్సంహితలో కుక్కుటలక్షణమును చెప్పుచు పెట్టను మఱవలేదు. మృదువైన పలుకు, నిగనిగలాడు మేను, అందమైన ముఖము, తేటకన్నులు గల పెట్ట రాజునకు శ్రీకరమని యాతని మతము. అది శకునశాస్త్రముగా చెప్పఁబడినను, మహాభాష్యమందలి న్యాయముచే చదివినచో నందే రోగలక్షణము గర్భితమై యున్నది. నిగనిగలాడు మేను శుభమన్న, ఈకలు రేఁగి కళదప్పిన మేను అశుభము. తేటకన్ను మేలన్న, నీరుకాఱు కన్నును, సగము మూసిన కన్నును కీడు. పలుకు మృదువైనది మంచిదన్న, గురకయు మూలుగును చెడ్డవి. నేఁటి పశువైద్యుఁడు మొదట చూచునవియు నీ మూఁడే. శకునముగా కనిపెట్టినది యారోగ్యపరీక్షయే యగుట యిట గమనింపఁదగినది.

పెరటిపరీక్ష

మాధవకరుఁడు తన నిదానగ్రంథమున రోగజ్ఞానమునకు నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యను నైదు మార్గములను చెప్పెను. హేతువు నిదానము. రాఁబోవు రోగపు తొలిగుఱుతు పూర్వరూపము. వ్యక్తలక్షణము రూపము. ఏ యాహారౌషధముచే తగ్గునో దానిని బట్టి రోగమును గుర్తించుట యుపశయము. దేహమున రోగము నడచు తీరు సంప్రాప్తి. ఈ పేళ్లను వినని పాలమూరిసీమ యిల్లాండ్రును పెరటిలో నీ మార్గములనే యనుసరించిరి. పట్టిక వ్రాసికొనక, చేతితోను కంటితోను సాగించిన పరీక్ష యది.

తెల్లవాఱునపుడు గంప యెత్తగానే కోళ్లన్నియు నొక్కపెట్టున బయటికి పరుగెత్తవలెను. వెనుక నిలిచినదియే యనుమానమునకు మొదటిపాత్రము. కోడి స్వభావముచే తన జబ్బును దాఁచుకొను ప్రాణి. గుంపులో నీరసించిన దానిని తక్కినవి పొడుచును గనుక తుదివఱకు బాగున్నట్లే నటించును. కావున తూగుట కంటఁబడుసరికే రోగము ముదిరియుండుట సామాన్యము. ఈ పొద్దుటి వేళ పూర్వరూపపరీక్షకు ముఖ్యమైనది.

వెనుక నిలిచిన దంతయు రోగి కాదు. పొదుగుకు వచ్చిన పెట్ట గూటిని విడువదు. ఈకలు రేఁచుకొని కొక్కొక్కని యఱచును. రోజున కొక్కసారి లేచి మేసి, నీరు త్రాగి, పెద్ద రెట్ట వేసి మఱల కూర్చుండును. దాని జుట్టు కొంత పాలిపోవును, గుడ్డు మానును. ఎఱుఁగనివాఁడు దీనిని జబ్బనుకొనును. గుడ్లు పెట్టి కూర్చుండనిచ్చిన 21 దినములకు పిల్లలతో లేచి వచ్చును. అట్లే యేఁట నొకతూరి యీకలు రాలి క్రొత్తవి మొలచు కాలమున మెడయు వీఁపును బోసిపోయి, గుడ్డు నిలిచి, పెట్ట దీనముగా నుండును. ఇదియు రోగము కాదు. ప్రకృతిని వికృతినుండి వేఱుచేయుటయే నిదానమున తొలిమెట్టు. ఆ మెట్టెక్కనివాఁడు పొదుగుకోడికి మందు పోయును, తెగులుకోడిని పొదుగునని యూరకుండును. రెండవ తప్పునకు పెరడంతయు పోవును.

తరువాత కోడిని చేతఁబట్టి చూడవలెను. ఱెక్కలక్రిందను, తోఁకమొదట గుదము చుట్టును ఈకలు విడఁదీసిన పేలు కనఁబడును. మఱికొన్ని పురుగులు పగలు గూటి పగుళ్లలో దాఁగి, రాత్రి మాత్రమే వచ్చి రక్తము పీల్చును. పగలు కోడిపై నేమియు లేకున్నను జుట్టు తెల్లవాఱుచున్నచో దీపము పట్టుకొని రాత్రి గూడు చూడవలసినదే. బూడిదలో పొరలుటకు కోళ్లను వదలుట, గూటికి సున్నము కొట్టుట, వేపాకు పఱచుట యను నాచారములు దీనికి సంబంధించినవి. కోడి తనంత తాను దుమ్ములో పొరలుటయు నీ చికిత్సయే.

మెడక్రింది మేతతిత్తిని తడిమి చూచుట మఱియొక పరీక్ష. సాయంకాల మది నిండియుండుట సహజము. తెల్లవాఱుసరికి ఖాళీ కావలెను. ఉదయమునను ఱాయివలె గట్టిగా నున్న పీచో, పొడవైన గడ్డియో, త్రాడుముక్కయో చిక్కుకొన్నదని యర్థము. మెత్తగా నీరుపట్టి పులిసినకంపు కొట్టిన లోన మేత మురిగినది. తోఁక వాల్చి, మాటిమాటికి ముక్కుచు, గూటికి పోయి వట్టిగ వచ్చుచున్నచో గుడ్డు అడ్డుపడినదని యూహింపవలెను. గుడ్డున్నదో లేదో వ్రేలితో చూచి పెట్టను బయటికి విడుచు నలవాటుగల యిల్లాలి కిది వెంటనే తెలియును.

రెట్ట గొప్ప సాక్షి. ఆరోగ్యవంతమైన కోడి రెట్టపై తెల్లని సున్నమువంటి కొస యుండును. మూఁడు మొదలు ఆఱు వారముల వయసు పిల్లలకు నెత్తురురెట్ట పడిన నది రక్తపాఱుడు. తడిసిన నేలను, ఇఱుకుగూటిని ఆశ్రయించి పెరుగు సూక్ష్మజీవులు ప్రేవులను తొలుచుటచే నది వచ్చును. ముఖముమీఁదను, జుట్టుమీఁదను పొక్కులు లేచి గట్టికట్టిన నది కోళ్ల మశూచికము. దీనిని దోమలు మోయును. మనుష్యుల మశూచికమును పోచమ్మ రాకగా నెంచిన యీ సీమలో కోళ్లకు పొక్కులు లేచినపుడును అమ్మవారి కార్యముగనే భావించుట సహజము. అమ్మవారికి పసుపునీళ్లు చల్లుటలో దోష మేమియు లేదు గాని, తెగులు తగిలిన కోడిని పొరుగూరి బంధువు లింటికి పంపుటయు, వారపుసంతలో తొందరగా నమ్ముటయు, చచ్చిన దాని ఈకలను ఈఁగ మూఁగునట్లు పెంటపై పాఱవేయుటయు గొప్ప యనర్థములు. నష్టము తప్పించుకొనఁబోయి బీదరాలు చేసిన యీ పనియే తెగులు నూరూరికి నడిపించెను. దీనిని మౌఢ్యమని నిందించుట సులభము. వెట్టికి కోడిని, అప్పునకు గుడ్డును చెల్లింపవలసియున్న దానికి వేఱుదారి యేమి యుండెనో కూడ చరిత్రకారుఁడు చూడవలెను.

ద్వీపాంతరమున కోళ్లు నేర్పిన పాఠము

ఇంటి పెరటిలో నిట్లుండఁగా, పందొమ్మిదవ శతాబ్దిని కోడిరోగమే మనుష్యవైద్యమునకు రెండు ద్వారములు తెఱచెను.

మొదటిది పరాసుదేశమున. లూయీ పాశ్చరు కోళ్ల కలరా యను తెగులునకు హేతువైన సూక్ష్మజీవిని పరిశోధనాగారమున పెంచుచు, చాలకాలము నిలువయుంచిన పెంపకము కోళ్లను చంపకపోవుటను, అట్టి దానిని పొందిన కోళ్లు పిదప తీవ్రమైన తెగులును తట్టుకొనుటను చూచి 1880 లో ప్రకటించెను. ప్రయోగశాలలో బలహీనపఱచిన జీవితో టీకా వేయుట కిదియే ప్రారంభము. తరువాత పశువులకును మనుష్యులకును వచ్చిన పెక్కు టీకాల కీ కోళ్లే తొలి సాక్షులు.

రెండవది జావాద్వీపమున. బటేవియా నగరమున సైనికవైద్యశాల నాశ్రయించిన పరిశోధనాగారమున క్రిస్టియాన్ ఐక్మను బెరిబెరి వ్యాధిహేతువును వెదకుచుండెను. 1890 ప్రాంతమున నాతని పెరటికోళ్లు కాళ్లు తడఁబడి, నడువలేక, మెడ వెనుకకు వంగి పడిపోవసాగెను. సూక్ష్మజీవికై యెంత వెదకినను చిక్కలేదు. కొంతకాలమునకు కోళ్లు తమంత తామే కోలుకొనెను. విచారింపఁగా, జబ్బుకాలమున వానికి వైద్యశాల వంటయింటి పాలిషుబియ్యపు టన్నము వేయఁబడెననియు, క్రొత్తగా వచ్చిన వంటవాఁడు సైనికుల యన్నమును సైనికులు కాని కోళ్లకు వేయనని నిరాకరింపఁగా ముతకబియ్యము వేయఁబడెననియు తేలెను. తవుడు కలిపిన కోళ్లు బాగయ్యెను. జావా చెఱసాలలలో వోర్డర్మను జరిపిన విచారణమును నీ సంగతినే మనుష్యులయందు బలపఱచెను. బియ్యములో విషమున్నదనియు తవుడు దానికి విరుగుడనియు ఐక్మను మొదట తలఁచెను. ఆతని వెనుక వచ్చిన గ్రైన్సు 1901 లో, తవుడునందలి యావశ్యకద్రవ్యము లోపించుటయే రోగహేతువని సరిదిద్దెను. ఐక్మనునకు 1929 లో నోబెలు బహుమానము వచ్చెను. విటమినుల చరిత్ర మీ కోళ్లతో మొదలైనది.

మాధవకరుని పరిభాషలో నిది ఉపశయపరీక్షయే. రూపము కంటికి కనఁబడినను హేతువు దొరకనపుడు, ఏ యాహారముచే మేలు కలిగెనో దానినుండి హేతువున కెదురు నడచిరి. పెరటిలోని కోడికి జబ్బు చేసినపుడు మేత యేమి మాఱినదని మొదట నడుగవలెనను నియమ మిందుచే దృఢమగుచున్నది. జొన్న, కొఱ్ఱ, సజ్జ తవుడుతో పొట్టుతో నిండ్లలో దంచుకొన్న కాలమున నీ సీమకోళ్ల కీ విధమైన లోపమునకు తావు తక్కువ. మరబియ్యపు నూకలే మేతయైనచో మాట వేఱు.

ఇచ్చట నొక సందేహము తీర్చుకొనవలసి యున్నది. మెడ వెనుకకో ప్రక్కకో తిరిగిపోవుట పోషణలోపమునను కలుగును, క్రింద చెప్పఁబోవు కొక్కెరతెగులునను కలుగును. ఒకే రూపమునకు రెండు నిదానములు. వీనిని విడఁదీయు నుపాయము పెరటి నంతను చూచుట. మేతలోపమైన మెల్లగా, ఒకే మేత తిన్నవానికి మాత్రమే వచ్చును. గురక, పచ్చనిరెట్ట యుండవు. తెగులైన నాలుగైదు దినములలో నొకదానినుండి మఱియొకదానికి, ఇంటినుండి యింటికి ప్రాఁకును. ఒక్క కోడిని చూచి నిదానము చెప్పరాదనియు, ఊరు చూచి చెప్పవలెననియు దీని తాత్పర్యము.

కొక్కెర

ఈ సీమ పెరళ్లను తుడిచిపెట్టిన తెగుళ్లలో కొక్కెరయే ప్రధానము. కోడి నోరు తెఱచి యెగరోజుచు శ్వాసించును. పచ్చగను తెల్లగను నీళ్లరెట్ట పడును. ఱెక్కయో కాలో చచ్చుపడును, మెడ మెలికపడును. కొద్దిదినములలో గుంపులో చాలభాగము చచ్చును. తెలుఁగున కొక్కెర యనునది కొంగజాతి పక్షికి పేరు. తెగులు తగిలిన కోడి మెడ ముడిచి, కన్ను మూసి, కదలక చెఱువుగట్టు కొక్కెరవలె నిలుచుటచే నీ పేరు వచ్చెనని చెప్పుట యొక పక్షము. గొంతులోని గురకధ్వని కనుకరణమని చెప్పుట మఱియొక పక్షము. గురక కొన్నింటికే కలుగును, నిలుచుతీరు తెగులు తగిలిన వానికెల్ల సమానము. పైఁగా శబ్దము పక్షివాచకముగా సిద్ధమై యున్నది. కావున మొదటి పక్షమే సంగతతరము. పేరిడిన వారు శాస్త్రజ్ఞులు కారు; చూచిన చూపునుండి పుట్టిన పేరిది.

శాస్త్రజ్ఞులిడిన పేరు వేఱు. 1926 లో జావాయందును, ఇంగ్లండున న్యూకాజిలు పట్టణము చెంతను నీ తెగులు కనఁబడెను. జావాలో క్రానవెల్డును, ఇంగ్లండున డాయిలును దీనిని వర్ణించిరి. అనంతరము కొలఁదికాలముననే హిమాలయప్రాంతమందలి రాణీఖేతమున కోళ్లు చావఁగా, ముక్తేశ్వరపు పశువైద్యపరిశోధనసంస్థలోని ఎడ్వర్డ్సు దానిని పరిశీలించి యా యూరిపేరనే రాణీఖేతుతెగులనెను. రాణియొక్క క్షేత్రము రాణీఖేతము, క్షేత్రశబ్దవికృతియే ఖేతము. సర్వనాశకమైన తెగులున కింత సుందరమైన పేరు తగిలినది. విశేష మేమనఁగా, రాణీఖేతమును ముక్తేశ్వరమును రెండును కుమాయూన్ సీమలోనివే. డేగల రోగములకు శాస్త్రము వ్రాసిన రుద్రదేవుని దేశమిదియే. డేగకు దొరికిన నిదానము కోడికి దొరకుటకు శతాబ్దములు పట్టెను.

ఈ తెగులునకు హేతువు విషాణువు. సోఁకిన పిదప మందు లేదు, ముందుగా టీకాయే శరణ్యము. ముక్తేశ్వరముననే 1940 ల దశాబ్దమున, ప్రబలమైన విషాణువును గుడ్లలో పెంచి బలము తగ్గించి సాధించిన ముక్తేశ్వరపు టీకా దేశమంతట వ్యాపించెను. పిల్లలకు మొదటివారమున కంటిలోనో ముక్కులోనో చుక్కగా లాసోటా వంటి మెత్తని టీకాయు, ఎనిమిది పది వారములకు ముక్తేశ్వరపు టీకా సూదితోను వేయుట వాడుకయైనది. టీకాను చల్లఁదనమున నిలుపుటయే పల్లెలకు పెద్ద చిక్కు. ఎండ తగిలిన టీకా నీటితో సమానము. ఆ చిక్కు నెఱిఁగియే యాస్ట్రేలియాయందు వేఁడిమికి కొంత యోర్చు ఐ-2 యను టీకాను తరువాత సిద్ధపఱచిరి. హైదరాబాదు చెంత రాజేంద్రనగరమందలి కోళ్లపరిశోధనసంస్థ వనరాజ, గ్రామప్రియ మొదలగు పెరటిజాతులను రూపొందించెను. క్రొత్తజాతి గుడ్లెక్కువ పెట్టును గాని, టీకా లేనిచో తెగులునకు నాటుకోడియు వనరాజయు నొక్కటియే.

ఇటీవలి సంగతి

నిదానముయొక్క విలువ యిప్పుడు మున్నెన్నఁడును లేనంత పెరిగినది. 1878 లో నిటలీదేశమున పెరొన్చీతో వర్ణించిన కోళ్ల మారి, మనుష్యులకును వచ్చు ఇన్‌ఫ్లుయెంజా కుటుంబపు విషాణువుచే కలుగునదని 1955 లో తేలినది. దాని యుగ్రభేదము భారతదేశమున 2006 లో మహారాష్ట్రమందలి నవాపురమునను, తెలంగాణమున 2015 లో హయత్‌నగరము చెంతను బయటపడెను. 2025 ఫిబ్రవరిలో గోదావరీతీరపు జిల్లాలలో నిది ప్రబలుచుండఁగా, వనపర్తి జిల్లా మదనాపురము మండలమందలి కొన్నూరు గ్రామమున నొక కోళ్లశాలలో మూఁడు దినములలో సుమారు 2500 కోళ్లు మరణించెను. పశువైద్యాధికారులు నమూనాలను గైకొని పరీక్షకు పంపిరి. ఆ మూఁడు దినములలో చుట్టుపట్ల పెరళ్లయందలి యిల్లాండ్రకు తోఁచిన ప్రశ్న తాతలనాఁటిదే: ఈ కోడి యేల తూగుచున్నది?

కొక్కెరయు, ఈ క్రొత్తమారియు, కోళ్ల కలరాయు నకస్మాత్తుగా చంపునపుడు కంటిచూపుతో విడఁదీయుట యసాధ్యము. ఇచ్చట పెరటిపరీక్షకు హద్దు గలదు. ఆ హద్దు దాఁటిన పిదప ప్రయోగశాలయే ప్రమాణము. కాని ప్రయోగశాలకు నమూనా చేరవలెనన్న, మొదట పెరటిలో నొక కన్ను దానిని గుర్తింపవలెను. ఒక్క కోడి తూఁగిన నది పేలో, తిత్తియో, గుడ్డో, పొదుగో కావచ్చును. రెండు మూఁడు దినములలో నాలుగు పడిన నది తెగులు. ఆ కోడిని వేఱుగ కట్టుట, చచ్చినదానిని వట్టిచేతులతో తాఁకక లోఁతుగ గోయి తీసి సున్నముతో పూడ్చుట, సంతకు పంపకుండుట, పశువైద్యునకు కబురంపుట యను నాలుగును అప్పుడు కర్తవ్యములు. ఇందు మొదటి నిర్ణయము చేయునది యిల్లాలే.

ఫలితాంశము

పైనిఁ జెప్పినదానిచే మూఁడు సంగతులు తేలుచున్నవి. ఒకటి, కోడివిషయమున మన గ్రంథములు పుంజుపక్షపాతములు. పెట్ట ఆరోగ్యమును గూర్చిన జ్ఞానము స్త్రీలయొద్ద నోటిమాటగ నిలిచెను. రెండు, ఆ జ్ఞానము గ్రుడ్డినమ్మకముల మూట కాదు; పంచనిదానములలో పూర్వరూప, రూప, ఉపశయములను చక్కఁగ పట్టుకొన్నది. దానికి లోపించినది కంటికి కానరాని హేతువును చూచు సాధనము. అది సూక్ష్మదర్శని రాకకు ముందు రాజవైద్యునకును లోపించినదే. మూఁడు, రోగము వ్యాపించుటకు నజ్ఞానమెంత కారణమో దారిద్ర్యమును, వెట్టియు నంత కారణములు.

కోడియు కుంపటియు లేనిది తెల్లవాఱదా యని ముసలమ్మను పరిహసించు సామెత తెలుఁగువా రెఱిఁగినదే. తెల్లవాఱుట కోడిచే కాదనుట నిజమే. అయినను తెల్లవాఱిన పిదప నా యింట పొయ్యి వెలుఁగుట కోడిచేతనే యైన యిండ్లు నడిగడ్డలోను, వనపర్తి, నాగరుకర్నూలు పల్లెలలోను వేలకొలఁది యుండెను. కావున నీ జిల్లాల పల్లెలలో కోళ్ల తెగుళ్లకు వాడు పేళ్లను, లక్షణములను, పరీక్షావిధానములను వృద్ధస్త్రీల నోటినుండి సేకరించి, ప్రతిపేరునకును నేఁటి పశువైద్యమందలి తెగులును ఎదుర వ్రాసి నిఘంటురూపమున కూర్చుట యవశ్యకర్తవ్యము. అట్టి నిఘంటువు భాషాపరిశోధకునకు శబ్దసంపదను, పశువైద్యునకు రోగివాఙ్మూలమును నొక్కమాఱే యొసంగును. పెట్ట పెట్టిన గుడ్డునకు వ్యాకరణము పుంజుపేరు పెట్టిన పెట్టుఁగాక, చరిత్రము మాత్రము పెట్టను పెట్టగనే వ్రాయవలసి యున్నది.